మా సైకిలు మాదేనని ఎట్ల తేలింది

మా సైకిలు పోయి మళ్లీ దొరికిన సంగతి మన హాస్టల్‌లో శానామందికి తెలుసు. అయితే ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు. జడ్జి గారు మా నాయనకు కొత్త సైకిలు కొనిచ్చినారని ఎనిమిదో తరగతి వాళ్లు అంటున్నారు. అది నిజం కాదు. నేను కోర్టులో ఇంగ్లీషులో మాట్లాడినానని వంట ఆయమ్మ చెప్తోంది. అదీ నిజం కాదు. అందుకే మన తెలుగు సారు "నువ్వే రాసి గోడపత్రికకు ఇయ్యి" అన్నారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఊళ్ల పేర్లు, స్టేషన్ల పేర్లు మాత్రం రాయడం లేదు. పేర్లు రాస్తే అది వ్యాసం కాదు, పిటీషను అవుతుందని సారు చెప్పినారు.

మా సైకిలు అట్లాస్. నల్లది, నడిమి కడ్డీ ఉన్న జెంట్స్ సైకిలు. ముందర భూమిని మోస్తున్న మనిషి బొమ్మ ఉన్న బిళ్ల ఉండేది. అట్లాస్ కంపెనీ 1951లో హర్యానాలోని సోనీపత్‌లో మొదలైంది. దాని చివరి ఫ్యాక్టరీ సాహిబాబాద్‌లో 2020 జూన్ 3న మూతపడింది. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఆ రోజే మూసినారని చదివి నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు, అదో మాదిరి అనిపించింది. అదే సంవత్సరం మా నాయన ఈ సైకిలును పక్క ఊరి పోస్టుమాన్ తాత దగ్గర కొన్నాడు. పదిహేనువందల రూపాయలు, రెండు చాటలు ఇచ్చినాడు. బిల్లు లేదు. పాత సైకిలు కొన్నప్పుడు బిల్లు ఎవరిస్తారు? చాటలకు కూడా మేము ఎవరికీ బిల్లు ఇయ్యము.

మేము దబ్బ ఎరుకలవాళ్లం. వెదురు చీల్చి దబ్బలు తీసి గంపలు, తట్టలు, చాటలు, కోళ్ల గంపలు అల్లుతాం. అమ్మ, జేజి అల్లితే నాయన అమ్ముకొని వస్తాడు. ఆ సైకిలుకు వెనకాల మామూలు క్యారియర్ తీసేసి, వెల్డింగు షాపులో రెండు ఇనుప కడ్డీలు పెట్టించి పెద్ద క్యారియర్ చేయించినాడు. దానిమీద గంపలు ఒకదాంట్లో ఒకటి దూర్చి కట్టితే నాయన తల కనపడదు. వెనకనుంచి చూస్తే గంపలే రోడ్డుమీద పోతున్నట్టు ఉంటుంది. తెల్లవారుజామున బయల్దేరి కేసీ కాలువ గట్టున పడి ఊళ్లు తిరిగి సందకాడికి వస్తాడు. ప్లాస్టిక్ టబ్బులు వచ్చినాక ఒక ఊర్లో రెండు గంపలు అమ్ముడుపోవడమే కష్టం. అందుకని రోజుకు నాలుగైదు ఊళ్లు తిరగాలి. నడిచి తిరిగితే రెండూళ్లు అయ్యేసరికి పొద్దు పోతుంది.

పోయిన దసరా సెలవుల్లో సంతకాడ సైకిలు పోయింది. తుమ్మచెట్టు కింద నిలబెట్టి తాళం వేసి, నాయన గంపలు దించుకొని లోపలికి పోయినాడు. వచ్చి చూస్తే చెట్టు ఉంది. గంపలు కట్టే తాడు కింద పడి ఉంది. సైకిలు లేదు.

మరుసటి రోజు నేను, నాయన స్టేషన్‌కు పోయినాము. అర్జీ నేనే రాసినాను. ఏడో తరగతిలో పోస్టాఫీసు వారికి లేఖ నేర్చుకున్నాము కదా, ఆ పద్ధతిలోనే తేదీ, స్థలం, విషయం అని రాసినాను. అక్కడ బల్ల దగ్గర ఉన్న ఆయన చదివినాడు. చదివి నాయనను కిందినుంచి మీదికి చూసి "మీరు ఏమోళ్లు?" అన్నాడు. నాయన చెప్పినాడు. అప్పుడు ఆయన నవ్వి "మీ సొత్తు ఇంకొకడు ఎత్తుకపోయినాడా? ఇది ఇచ్చిత్రంగా ఉందే. అసలు నీకు సైకిలు యాడిదిరా? దానికి కాయితం ఏముంది?" అన్నాడు. నాయన ఏమీ మాట్లాడలేదు. మా నాయన సంతలో గంప ధర కాడ అంత గట్టిగా మాట్లాడతాడు, అక్కడ మాత్రం చేతులు కట్టుకొని నేల చూస్తా నిలబడినాడు. ఆయన మళ్లీ "ఐదువేల లోపుది కేసు కాదు పో" అన్నాడు. అర్జీ తీసుకున్నాడు కాని రసీదు ఇయ్యలేదు.

ఇంటికి వచ్చి జేజికి చెప్తే జేజికి కోపం రాలేదు. "మీ జేజినాయన వాళ్ల నాయన అయితే రోజూ రాత్రి పోయి హాజరు చెప్పి వచ్చేవాడంట" అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. హాస్టల్‌కు వచ్చినాక సోషల్ సారును అడిగితే చెప్పినారు. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం అని చేసినారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజ్యానికి కూడా తెచ్చినారు. అప్పుడు కర్నూలు, కడప మద్రాసు కిందనే ఉండేవి. ఆ చట్టం కింద కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలు అని రాసుకున్నారు. ఎరుకలవాళ్లూ అందులో ఉన్నారు. రిజిస్టర్లో పేరు, వేలిముద్ర. ఊరు విడిచి పోవాలంటే చెప్పి పోవాలి. కొందరిని తీసుకపోయి సెటిల్‌మెంట్లలో పెట్టినారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లనే 1913లో ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చినాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. చట్టం పోయి డెబ్బై ఏండ్లు దాటింది. బల్ల దగ్గర ఉన్న ఆయన ఆ చట్టం చదివి ఉండడు. అయినా ఆ మాట ఆయన నోటికి ఎట్ల వచ్చిందో.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జైళ్లలో కులం చూసి పని చెప్పే నియమాలను కొట్టివేసింది. ఆ తీర్పులోనే, ఈ పాత నేరస్థ తెగలవాళ్లను పోలీసులు ఊరికే పట్టుకోరాదని కూడా చెప్పింది. సోషల్ సారు నాకు దాన్ని తెలుగులో చదివి చెప్పినారు. మా జేజికి నేను చెప్పినాను. జేజి "ఆ కాయితం స్టేషన్‌లో అంటించినారా?" అని అడిగింది.

సైకిలు లేని రోజుల గురించి ఎక్కువ రాయను. నాయన గంపలు నెత్తిన పెట్టుకొని తిరిగినాడు. అమ్మ పత్తి తీసే కూలికి పోయింది. ప్రతి రెండో ఆదివారం నన్ను చూడటానికి పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చే నాయన ఆ నెల రాలేదు. ఊరగాయ రాలేదు. నన్ను బడి మాన్పించి పత్తికి తీసుకపోదామా అని ఇంట్లో మాట కూడా వచ్చిందంట. జేజి ఒప్పుకోలేదు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఇరవై ఆరు రోజులకు సైకిలు దొరికింది. మాది ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా. కొంచెం దూరం పోతే కడప జిల్లా వస్తుంది. నాయన ఆ పక్క ఒక ఊర్లో గంపలు అమ్ముతుంటే టీ అంగడి ముందర మా సైకిలు ఉంది. ముందర బిళ్ల పీకేసినారు. వెనకాల పెద్ద క్యారియర్ తీసేసినారు. మడ్‌గార్డుకు ఎర్ర రంగు పూసినారు. అయినా నాయన చూడగానే గుర్తుపట్టినాడు. సీటు స్ప్రింగు విరిగితే నాయన దబ్బతో బిగించి అల్లినాడు. ఆ అల్లిక అట్లనే ఉంది. దొంగకు అది కనపడలేదో, కనపడినా విప్పడం చేతకాలేదో.

ఇక్కడ నాయన చేసిన పని నాకు శానా నచ్చింది. అది తన సైకిలే. తీసుకొని తొక్కుకుంటూ రావచ్చు. కాని తీసుకోలేదు. "నేను చెయ్యి వేస్తే ఊరంతా దొంగ దొంగ అని నా మీద పడతారు పాపా, అప్పుడు ఎవడు వింటాడు" అన్నాడు. సైకిలును ముట్టుకోకుండా దాని పక్కన కూర్చున్నాడు. సైకిలాయన వచ్చినాక "అన్నా, ఈ సైకిలు నాది మాదిరి ఉంది, మనిద్దరం స్టేషన్‌కు పోదాం రా" అన్నాడు. టీ అంగడి ఆయనను సాక్ష్యం పెట్టుకున్నాడు.

ఆ సైకిలాయన దొంగ కాదు. ఇటుకల బట్టీలో పని చేస్తాడు. ఒక రోడ్డుమీద ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడు ఊరికి పోవడానికి డబ్బు లేదని పద్దెనిమిది వందలకు అమ్మితే కొన్నాడంట. ఆయనకూ బిల్లు లేదు. స్టేషన్‌లో ఇద్దరినీ నిలబెట్టి అడిగితే ఇద్దరి దగ్గరా కాగితం లేదు. నాయన దగ్గర ఉన్నదల్లా ఒక అల్లిక. ఆయన దగ్గర ఉన్నదల్లా సైకిలు. పోలీసులు సైకిలును పట్టుకొని పంచనామా రాసి, స్టేషన్ వెనక వేపచెట్టు కింద పెట్టినారు. రుజువు తెచ్చినవాళ్లకు ఇస్తామన్నారు.

మన సైన్స్ సారు ఒక ఇటలీ సినిమా కథ చెప్పినారు. పేరు సైకిల్ దొంగలు. 1948లో విట్టోరియో డి సికా తీసినాడు. గోడలకు పోస్టర్లు అంటించే పనికి సైకిలు కావాలి, దాన్ని మొదటి రోజే ఎత్తుకపోతారు. తండ్రీ కొడుకూ ఊరంతా వెతుకుతారు. దొంగ దొరుకుతాడు కాని సైకిలు దొరకదు, సాక్షి లేడని పోలీసాయన ఏమీ చేయలేడు. సారు చెప్తుంటే మా నాయన కథే అనుకున్నాను. ఒకటే తేడా. మాకు దొంగ దొరకలేదు, సైకిలు దొరికింది. ఏది దొరికినా రుజువు కాడికే వస్తుంది.

నాయన హాస్టల్‌కు ఫోన్ చేసినాడు. వార్డెన్ మేడమ్ పిలిచి ఫోన్ ఇచ్చినారు. "పాపా, నువ్వు చిన్నప్పుడు సైకిలు నంబరు రాసుకున్నావు కదా, అది యాడుంది?" అన్నాడు.

అది ఏమిటంటే, నేను ఐదో తరగతి ఊరి బడిలో చదివేటప్పుడు లెక్కల సారు స్థాన విలువలు చెప్తా, "మీ ఇంట్లో ఉన్న పెద్ద పెద్ద సంఖ్యలు రాసుకొని రండి" అని ఇంటిపని ఇచ్చినారు. కొందరి ఇండ్లలో టీవీ నంబరు, మోటారుసైకిల్ నంబరు, గ్యాస్ పుస్తకం నంబరు అన్నీ ఉన్నాయి. మా ఇంట్లో రేషన్ కార్డు, కరెంటు మీటరు అయిపోయినాక ఇంకేమీ లేవు. వెతికి వెతికి సైకిలు సీటు కింద గొట్టం మీద అంకెలు చూసినాను. నల్లరంగు, దుమ్ము, నూనె పట్టి సరిగా కనపడలేదు. అప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే బొమ్మ పడుతుంది కదా, అట్ల నోట్‌బుక్ కాగితం గొట్టానికి చుట్టి రుద్దినాను. ఒక ఇంగ్లీషు అక్షరం, ఆరు అంకెలు పడినాయి. కింద పెన్నుతో ఆ అంకెలు విడదీసి లక్షలు, పదివేలు, వేలు అని రాసినాను. సారు ఎర్ర ఇంకుతో రైటు కొట్టి, సంతకం చేసి, తేదీ వేసినారు. 2021 డిసెంబరు.

ఆ నోట్‌బుక్కు జేజి ట్రంకు పెట్టెలో ఉంది. జేజి ఒక్క అక్షరం చదవలేదు. మేము ఇంట్లో మాట్లాడే భాషకు లిపి కూడా లేదు. కాని నా పాత పుస్తకాలను పల్లీల పొట్లాలకు అమ్మనియ్యదు. బీరువాలో పట్టుచీర పెట్టినట్టు పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది. మా వాడకట్టలో అందరూ దానికి నవ్వుతారు.

నాయన నోట్‌బుక్కు తీసుకొని స్టేషన్‌కు పోయినాడు. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. పంచనామాలో రాసిన నంబరులో చివరి అంకె 1. నా పుస్తకంలో చివరి అంకె 7. మిగిలినవన్నీ ఒకటే. "ఇది వేరే సైకిలు నంబరు, పో" అన్నారు. ఒక్క అంకె దగ్గర ఆగిపోయింది. ఒకట్ల స్థానంలో.

ఆ ఆదివారం నాయన నోట్‌బుక్కు పట్టుకొని బస్సులో హాస్టల్‌కు వచ్చినాడు. మేడమ్ ఆ పేజీని కిటికీకి అడ్డం పెట్టి వెలుతురులో చూసినారు. నన్నూ చూడమన్నారు. పెన్సిలు మసిలో చివరి అంకెకు మీద చిన్న గీత పక్కకు పోయి ఉంది. అచ్చు సరిగా దిగలేదు. ఫ్యాక్టరీలో సుత్తి దెబ్బ వంకరగా పడినట్టుంది. కంటికి చూస్తే 1, రుద్దితే 7. స్టేషన్‌లో రాసినాయన కంటితో చూసి రాసినాడు.

మేడమ్ 15100కు ఫోన్ చేసినారు. అది న్యాయ సేవల నంబరు, ఊరికే మాట్లాడవచ్చు, డబ్బు పడదు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు సంపాదన ఎంతని అడగకుండా ఉచితంగా వకీలును ఇయ్యాలి. మాకు ఒక వకీలమ్మను ఇచ్చినారు. ఆమె చెప్పిన సంగతులు నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. మీకూ పనికొస్తాయి కనుక రాస్తున్నాను.

పాత చట్టంలో చిన్న దొంగతనమైనా పెద్ద దొంగతనమైనా పోలీసులే కేసు కట్టి దర్యాప్తు చేసేవాళ్లు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ఐదువేల రూపాయల లోపు వస్తువు పోతే మేజిస్ట్రేటు ఉత్తరువు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయరాదు. మొదటిసారి దొంగతనం చేసినవాడు ఆ వస్తువో దాని విలువో తిరిగి ఇస్తే సమాజ సేవ శిక్ష వేస్తారు. ఊడ్చడం వంటి పని అనుకుంటాను. అది మంచిదే, ఆకలికి దొంగిలించినవాన్ని జైల్లో వేయడం కన్నా మేలు. కాని ఈ ఐదువేలు అనే గీత ఎవరు గీసినారో, వాళ్లు గంపలు అమ్మి బతికినవాళ్లు కారు. మాకు ఆ సైకిలు కన్నా విలువైన వస్తువు ఇంట్లో లేదు. అయితే ఐదువేల లోపుదైనా "కేసు కాదు పో" అని పంపరాదు. చెప్పింది స్టేషన్ పుస్తకంలో ఎక్కించుకొని, మేజిస్ట్రేటు దగ్గరకు పొమ్మని చెప్పాలి. నాగరిక సురక్షా సంహిత 174వ సెక్షన్లో అట్ల ఉంది. ఐదువేలు, ఆపైన అయితే ఏ ఊరి స్టేషన్‌లో అయినా చెప్పుకోవచ్చు, మా పరిధి కాదు అనరాదు.

ఇంకో సంగతి. సాక్ష్యాల చట్టంలో ఒక సూత్రం ఉంది. 1872 చట్టంలో ఉంది, దాని బదులు వచ్చిన 2023 చట్టంలోనూ ఉంది. వస్తువు ఎవరి చేతిలో ఉంటే అది వాళ్లదే అని ముందుగా అనుకోవాలి. కాదు అన్నవాడే రుజువు చేయాలి. అందుకని భారం మా మీద పడింది అని వకీలమ్మ చెప్పింది. నాకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఆ సైకిలు ఐదేండ్లు మా నాయన చేతిలో ఉంది. దారిలో ఎన్నిసార్లు ఆపి "ఇది ఎవరిది, యాడ ఎత్తుకొచ్చినావు" అని అడిగినారో. అప్పుడు ఈ సూత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఇటుకల బట్టీ ఆయన చేతికి పోయినాక గుర్తొచ్చింది. నేను ఇది వకీలమ్మకు చెప్తే ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పెద్దయినాక లా చదువుతావా" అంది. నాకు నర్సు కావాలని ఉంది.

దొంగ దగ్గర తెలియక కొన్నవాళ్లకు ఆ వస్తువు మీద హక్కు వస్తుందా అని కూడా అడిగినాను. రాదంట. దొంగకే హక్కు లేనప్పుడు వాడు ఇంకొకరికి ఇచ్చేది ఏముంది? 1930 సరుకుల అమ్మకం చట్టంలో అట్లే ఉంది.

మోటారు బండ్లకు ఆర్‌సీ ఉంటుంది, సైకిలుకు ఉండదు. వెనకటి కాలంలో సైకిలుకు పన్ను కట్టి బిళ్ల వేయించుకునేవాళ్లని పోస్టుమాన్ తాత చెప్పినాడు. ఇప్పుడు అది లేదు. జపాన్‌లో అయితే సైకిలు కొనగానే పోలీసు రిజిస్టర్లో నంబరు ఎక్కించాలి, 1994 నుంచి తప్పనిసరి చేసినారు. మన కాడ అట్ల పెడితే దానికో ఫీజు, దానికో లైను, మాలాంటివాళ్లు మళ్లీ బల్ల ముందర నిలబడాలి. కాబట్టి అది మంచిదో కాదో నేను ఇప్పుడే చెప్పలేను.

వకీలమ్మ మేజిస్ట్రేటు కోర్టులో పిటీషను వేసింది. సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద. పోలీసులు పట్టుకున్న వస్తువును హక్కు ఉన్నవాళ్లకు అప్పగించమని అడిగేది. 2002 అక్టోబరులో సుప్రీంకోర్టు సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో, పట్టుకున్న వస్తువులను స్టేషన్లలో ఏండ్ల తరబడి తుప్పు పట్టనీయరాదు, ఫోటో తీసి పంచనామా రాసి పూచీకత్తు తీసుకొని త్వరగా ఇచ్చేయాలి అని చెప్పింది. ఆ తీర్పు కూడా జత చేసింది. స్టేషన్ వెనక వేపచెట్టు కింద చూసినాను కదా, మోటారుసైకిళ్ల మీద తీగలు పాకి పూలు పూస్తున్నాయి. తీర్పు ఇచ్చి ఇరవై ఏండ్లు దాటినా.

డిసెంబరులో వాయిదా. మేడమ్ నాకు అవుట్‌పాస్ ఇచ్చినారు. నేను కోర్టు అంటే సినిమాలో మాదిరి బోను, సుత్తి ఉంటాయి అనుకున్నాను. సుత్తి లేదు. ఫ్యాను, ఫైళ్లు, బీరువాలు, బయట వేచి ఉన్న జనం. పోస్టుమాన్ తాత వచ్చి, సైకిలు తాను అమ్మిన మాట నిజమని చెప్పినాడు. ఆయన నడుం నొప్పితో బస్సెక్కి వచ్చినాడు, పైసా అడగలేదు. మా లెక్కల సారు వేరే ఊరికి బదిలీ అయినారు, ఆ సంతకం తనదే అని కాగితం రాసి పంపినారు.

మేజిస్ట్రేటు గారు ఆడామె. నోట్‌బుక్కు చూసి "ఇది ఎవరు రుద్దినారు?" అని అడిగినారు. "నేనే మేడమ్" అన్నాను. అంతే, నేను కోర్టులో మాట్లాడింది ఆ రెండు మాటలే, తెలుగులోనే. ఆమె సైకిలును బయటికి తెప్పించి, అందరి ముందర ఒక తెల్లకాగితం చుట్టి పెన్సిలుతో రుద్దమని కానిస్టేబుల్‌కు చెప్పినారు. ఆయన గట్టిగా అదిమి రుద్దితే కాగితం చినిగింది. రెండోసారి మెల్లగా రుద్దినాడు. 7 పడింది. మీద గీత, అదే వంకర. నా కాగితాన్ని, ఆ కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూసినారు. సీటు కింద అల్లికను కూడా చూసినారు. నాయన జేబులో నుంచి దబ్బ తీసి అట్లాంటిదే ఇంకొకటి అల్లి చూపిస్తానన్నాడు. వద్దులే అన్నారు.

సైకిలు నాయనకు అప్పగించమని ఉత్తరువు వచ్చింది. హక్కు సంగతి పూర్తిగా తేల్చినట్టు కాదంట, ఎవరి దగ్గర ఉండాలో చెప్పినట్టంట. ఎవరైనా కాదంటే సివిల్ కోర్టుకు పోవచ్చు. ఇటుకల బట్టీ ఆయన కాదనలేదు. ఆయన కొడుకును వెంట తీసుకొచ్చినాడు, ఏడెనిమిది ఏండ్లుంటాయి. ఆ పిల్లోడు ఇన్ని రోజులు ఆ సైకిలు మీదనే బడికి పోయినాడంట. బయటికి వచ్చినాక బెల్లు కొడుతూ నిలబడినాడు. ఆ బెల్లు వాళ్లు కొత్తగా వేయించింది. నాయన దాన్ని విప్పి పిల్లోని చేతిలో పెట్టినాడు. అంతటితో ఆగలేదు. తర్వాతి వారం ఆ ఊరికి పోయినప్పుడు రెండు తట్టలు, ఒక పెద్ద కోళ్ల గంప ఊరికే ఇచ్చి వచ్చినాడు. "ఆయన పద్దెనిమిది వందలు మట్టిలో కలిసినాయి కదా" అన్నాడు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. ఆ కోళ్ల గంపకు అమ్మ ఒక రోజంతా కూర్చుంది. నాకు కూడా అది సరి అనిపించలేదు. డబ్బు తిన్నవాడు ఇంకెవడో ఉన్నాడు, వాడు పెట్టాల్సింది మా అమ్మ ఎందుకు పెట్టాలి? నాయనను అడిగితే నవ్వినాడు. ఈ సంగతి మీద మీరేమంటారో ఎవరైనా రాసి వచ్చే నెల పత్రికలో పెట్టవచ్చు.

మన హాస్టల్‌లో ఎవరింట్లో సైకిలు ఉంటే వాళ్లు ఈ సెలవులకు పోయినప్పుడు నంబరు రుద్దుకొని రండి. సీటు కింది గొట్టం మీద గాని, పెడల్ దగ్గర బీబీ కింద గాని ఉంటుంది. ముందు కిరసనాయిలు గుడ్డతో తుడవాలి. పలచటి కాగితం కావాలి, పెన్సిలును పడుకోబెట్టి మెల్లగా రుద్దాలి. కానిస్టేబుల్ మాదిరి అదమకూడదు. తెచ్చిన కాగితం మీద తేదీ వేసి సంతకం పెడతానని వార్డెన్ మేడమ్ ఒప్పుకున్నారు. ఇప్పటికి ఆరుగురు తెచ్చినారు.

నాయన పూచీకత్తు మీద వేలిముద్ర వెయ్యలేదు, సంతకం పెట్టినాడు. నేను నేర్పించిన సంతకం. అందులో షరతులు ఉన్నాయి. కోర్టు అడిగినప్పుడు సైకిలు చూపించాలి. అమ్మకూడదు. రూపం మార్చకూడదు. అమ్మకు ఆ ఎర్ర మడ్‌గార్డు చూస్తే ఒళ్లు మంట, దానికి మళ్లీ నల్లరంగు వేయమంటుంది. వకీలమ్మను అడిగితే కేసు మూసేదాకా ఆగమంది. అందుకని పోయిన ఆదివారం కూడా నాయన ఊరగాయ సీసా తగిలించుకొని ఆ దొంగ పూసిన రంగుతోనే వచ్చినాడు.

— 9వ తరగతి విద్యార్థిని